బ్రిటన్‌లో ఉచిత ఇన్సులేషన్: లెక్క కాగితం మీద, చెమ్మ గోడ మీద

2025 అక్టోబరులో ఇక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ ఇచ్చిన నివేదికలో ఒక అంకె ఉంది: 98 శాతం. ప్రభుత్వ స్కీముల కింద ఇంటి బయటి గోడలకు ఇన్సులేషన్ వేసిన ఇళ్ళలో, పెద్ద లోపం ఉండి మళ్ళీ సరిచేయాల్సినవి అన్ని. ఇళ్ళ లెక్కలో చెప్పాలంటే 22 వేల నుంచి 23 వేలు. గోడకు లోపలివైపు వేసినవాటిలో 29 శాతం, అంటే 9 వేల నుంచి 13 వేల ఇళ్ళు. నూటికి రెండిళ్ళలో మాత్రమే సరిగ్గా కుదిరినదాన్ని పని అనడానికే నాకు నోరు రావడం లేదు.

ఆ నివేదిక వచ్చిన నెలన్నరకే, నవంబరు 26 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ ఆ స్కీమునే ఆపేస్తున్నట్టు ప్రకటించారు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది ఈ రెండో వార్తే, ఏప్రిల్ నుంచి కరెంటు, గ్యాస్ బిల్లులు ఏడాదికి సగటున 150 పౌండ్లు తగ్గుతాయని. మొదటి వార్త గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మనవాళ్ళలో చాలామంది కొత్తగా కట్టిన ఎస్టేట్లలో ఉంటారు కాబట్టి మనకు సంబంధం లేదనుకుంటారు. సంబంధం రెండు వైపులా ఉంది. ఆ పాత ఇళ్ళలో అద్దెకు ఉంటున్నవాళ్ళలో మనవాళ్ళున్నారు. వాటిని బై-టు-లెట్ కింద కొని అద్దెకు ఇస్తున్నవాళ్ళలోనూ మనవాళ్ళున్నారు.

స్కీము పూర్తి పేరు ఎనర్జీ కంపెనీ ఆబ్లిగేషన్, పొట్టిగా ఎకో. 2013లో మొదలైంది. చివరిది నాలుగో విడత. దీంతోపాటు గ్రేట్ బ్రిటిష్ ఇన్సులేషన్ స్కీము అని ఇంకోటి నడిచింది. ఆడిట్ వాళ్ళు చెప్పిన అంకెలు ఈ రెంటివీ కలిపి. దీనికి డబ్బు ఖజానా నుంచి రాలేదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ ఇళ్ళను బాగుచేయించే బాధ్యతను ప్రభుత్వం గ్యాస్, కరెంటు అమ్మే పెద్ద కంపెనీల మీద పెట్టింది. కంపెనీలు ఆ ఖర్చును మనందరి బిల్లుల్లో కలిపాయి. ఏడాదికి సుమారు 170 కోట్ల పౌండ్లు. నెలనెలా మీ డైరెక్ట్ డెబిట్‌లోంచి కొంత, నా డైరెక్ట్ డెబిట్‌లోంచి కొంత, మనకు తెలియని ఎవరి ఇంటి గోడకో వెళ్ళింది. వెళ్ళడంలో తప్పేమీ లేదు. తక్కువ ఆదాయం, పైగా వేడి నిలవని ఇల్లు, ఈ రెండూ కలిసిన కుటుంబాలు ఒక్క ఇంగ్లండ్‌లోనే 2024 లెక్కల ప్రకారం 27 లక్షలు. నూటికి 11. వాళ్ళ దగ్గర వేల పౌండ్లు ముందు పెట్టుబడి పెట్టి, పదేళ్ళలో బిల్లు తగ్గించుకుని రాబట్టుకునే స్తోమత ఉండదు. ఎవరో ఒకరు ముందు పెట్టాల్సిందే.

మరి ఎక్కడ చెడింది? డబ్బు ఇంటిదాకా వచ్చే దారి చూడండి. ప్రభుత్వ శాఖ రూల్స్ రాస్తుంది. ఆఫ్‌జెమ్ స్కీమును నడుపుతుంది. కరెంటు కంపెనీ ఏజెంటుకు ఇస్తుంది, ఏజెంటు ఇన్‌స్టాలర్‌కు ఇస్తాడు, ఇన్‌స్టాలర్ తన కింద సబ్‌కాంట్రాక్టర్‌ను పెట్టుకుంటాడు. నాణ్యత చూడటానికి ట్రస్ట్‌మార్క్, దాని పక్కన సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు. ఇంతమందిలో ప్రతి ఒక్కరి చేతిలో ఒక కాగితం ఉంది. ఆ ఇంట్లో పడుకునే మనిషి చేతిలో మాత్రం ఏమీ లేదు. ఆమె డబ్బు ఇవ్వలేదు కాబట్టి ఆపగలిగేది లేదు. ఊళ్ళో ఇల్లు కట్టించేటప్పుడు మా నాన్న మేస్త్రీకి చివరి కిస్తీ వానాకాలం వెళ్ళాక గానీ ఇచ్చేవాడు కాదు. ఆ చిన్న అధికారం కూడా ఇక్కడ ఈ కుటుంబాలకు లేదు.

ఇంకో సంగతి, నా దృష్టిలో ఇదే అసలుది. కంపెనీ తన బాధ్యత తీర్చినట్టు ఎలా లెక్కేస్తారంటే, పనికి ముందు ఇంటి ఎనర్జీ రేటింగ్ ఎంత, పని తర్వాత ఎంత అని చూసి, ఆ తేడాకు కట్టిన స్కోరును బట్టి. అదంతా ఫార్ములా. ఏడాది తర్వాత ఆ ఇంటి గ్యాస్ మీటరు తక్కువ తిరిగిందా, పిల్లల గది వెచ్చగా ఉందా అన్నది ఆ లెక్కలో లేదు. నేను చదివింది మామూలు బీఎస్సీయే, అయినా ల్యాబ్‌లో ప్రయోగం చేయకుండా రికార్డు రాస్తే మా మేడం ఊరుకునేది కాదు. ఇక్కడ వేల ఇళ్ళలో రికార్డు ముందే నిండిపోయింది. మోసం కూడా జరిగింది: ఇన్‌స్టాలర్లు 5,600 నుంచి 16,500 ఇళ్ళ విషయంలో తప్పుడు క్లెయిములు పెట్టి ఉండవచ్చని, ఆ మొత్తం 5.6 కోట్ల నుంచి 16.5 కోట్ల పౌండ్ల దాకా ఉండవచ్చని ఆఫ్‌జెమ్ అంచనా. కానీ అన్నీ దొంగతనం ఖాతాలో వేస్తే లాభం లేదు. నైపుణ్యం లేని పనివాళ్ళు, అడ్డదారులు, ప్రమాణాల మీద స్పష్టత లేకపోవడం, ఇవి ఆడిట్ వాళ్ళు చెప్పిన కారణాలు.

ఇప్పుడు గోడ సంగతి. ఈ దేశంలో 1920లకు ముందు కట్టిన టెర్రస్ ఇళ్ళలో ఎక్కువ వాటికి గోడలు మధ్యలో ఖాళీ లేని ఇటుక గోడలు. తర్వాతి కాలం ఇళ్ళలో రెండు వరసల ఇటుకల మధ్య ఖాళీ ఉంటుంది, దాన్ని నింపడం తేలిక. ఖాళీ లేని గోడకు లోపలనుంచో బయటనుంచో దుప్పటి కప్పాలి. దుప్పటి కప్పడం అంటే గాలి రాకపోకలను కూడా మార్చడమే. పాత ఇల్లు కిటికీ సందుల్లోంచి, పొగగొట్టంలోంచి ఊపిరి తీసుకుంటుంది. చలి అటునుంచే వస్తుంది, చెమ్మ అటునుంచే పోతుంది. సందులన్నీ మూసినప్పుడు చెమ్మ పోవడానికి వేరే దారి పెట్టాలి. బాత్రూములో, వంటింట్లో పనిచేసే ఫ్యాను, కిటికీల పైన సన్నటి గాలి రంధ్రాలు, తలుపుల కింద కాస్త సందు. మన ఊళ్ళలో పాత ఇళ్ళకు కిటికీ పైన వెంటిలేటరు ఎందుకు పెట్టేవారో గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ చాలా ఇళ్ళలో దుప్పటి కప్పారు, వెంటిలేటరు మర్చిపోయారు.

మన ఇళ్ళలో చెమ్మ ఎక్కువ, అది ఒప్పుకోవాలి. కుక్కర్ కూతలు, ఇడ్లీ ఆవిరి, పప్పు ఉడకడం, చలికాలంలో బట్టలు స్టాండ్ మీద గదిలోనే ఆరేయడం. ఒక్క వాషింగ్ మెషిన్ లోడు ఆరితే రెండు లీటర్ల దాకా నీరు గాలిలో కలుస్తుంది. ఆ నీరు ఎక్కడికో పోవాలి కదా. వేసవిలో ఫ్రిజ్ నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు బయట చెమర్చినట్టే, గదిలో అన్నిటికంటే చల్లగా ఉన్న చోటు మీద చెమరుస్తుంది. గది 20 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం అనుకుంటే, 12 డిగ్రీల చల్లదనం ఉన్న గోడ మీద నీరు పడుతుంది. బూజు పట్టడానికి నీరు పట్టేదాకా కూడా అక్కర్లేదు, గోడ 15 డిగ్రీల దగ్గర చాలాకాలం ఉంటే చాలు.

కోవెంట్రీలో మా వీధికి రెండు వీధుల అవతల ఉండే ఒక తెలుగు కుటుంబం ఇల్లు ఇలాగే చూశాను. ఆయన డెలివరీ వ్యాన్ నడుపుతారు, పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చాక యూనివర్సల్ క్రెడిట్ వస్తోంది, ఇల్లు అద్దెది. రెండేళ్ళ కిందట తలుపు కొట్టి వచ్చినవాళ్ళు మూడు రోజుల్లో ముందు గదికి, పైన పిల్లల గదికి లోపలివైపు బోర్డులు కొట్టి వెళ్ళారు. సంతకం పెట్టిన ఓనరు కూడా మనవాడే. మొదటి చలికాలంలోనే కిటికీ పక్కల నల్ల చుక్కలు మొదలయ్యాయి. "అక్కా, నువ్వు సైన్సు చదివావు కదా, ఒకసారి వచ్చి చూడు" అని ఆవిడ పిలిచింది. దోసె పెనం వేడి చూసుకోవడానికి కొన్న లేజర్ థర్మామీటరు, పది పౌండ్ల తేమ మీటరు పట్టుకుని వెళ్ళాను. గది 19 డిగ్రీలు, తేమ 70 శాతం. బోర్డు కొట్టిన గోడ నడిమధ్య 17. అదే గోడలో కిటికీ చుట్టూ లోపలికి మడిచిన నాలుగు అంగుళాల అంచు మీద 11న్నర. ఆ అంచుకు బోర్డు వేయలేదు. బాత్రూములో ఫ్యాను పెట్టలేదు. గోడంతా వెచ్చగా చేసి ఆ నాలుగు అంగుళాలు వదిలేస్తే, గదిలో చెమ్మంతా వచ్చి అక్కడే కూర్చుంటుంది. ఇన్‌స్టాలర్‌కు ఫోన్ చేస్తే కిటికీలు తెరిచి పెట్టుకోమన్నారట. జనవరిలో కిటికీ తెరిచి పెట్టుకోవడానికా ఇన్సులేషన్ వేయించుకుంది? గ్యాస్ బిల్లు తగ్గలేదు. పైగా ఆవిడ తనదే తప్పనుకుంటోంది, ఇంట్లో వంట ఎక్కువ చేస్తాం కదా అని.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు ఇంట్లో బూజు వల్ల ఊపిరి సమస్యతో చనిపోయాడు. తల్లిదండ్రులు మూడేళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నా, హౌసింగ్ సంస్థ చెమ్మను వాళ్ళ జీవన విధానానికి అంటగట్టింది. వాళ్ళు సూడాన్ నుంచి వచ్చినవాళ్ళు. వలస వచ్చినవాళ్ళ వంటలు, స్నానాలు, బట్టలు ఆరేయడం, ఇవి ఎప్పుడూ చేతికందే సాకులు. నలుగురున్న ఇంట్లో వంట చేయడం అనేది ఇల్లు తట్టుకోవాల్సిన మామూలు పని. ఫ్యాను ఉండి ఆపేసుకుంటే అది మన తప్పు. ఫ్యానే లేకపోతే మన తప్పు ఎలా అవుతుంది?

ఇది మొదటిసారీ కాదు. ప్రెస్టన్‌లోని ఫిష్విక్‌లో 2013 ప్రాంతంలో ఇలాంటి స్కీము కిందే వందల ఇళ్ళకు బయట ఇన్సులేషన్ వేస్తే వాననీరు లోపలికి దిగి ఇళ్ళు పాడయ్యాయి. ఆ తర్వాత 2016లో ప్రభుత్వం పీటర్ బాన్‌ఫీల్డ్ చేత సమీక్ష చేయించింది, దాని ఫలితంగానే ట్రస్ట్‌మార్క్‌కు ఇప్పటి బాధ్యతలు, కొత్త ప్రమాణాలు వచ్చాయి. అంటే పాఠం నేర్చుకుని కట్టిన వ్యవస్థే ఈ 98 శాతాన్ని ఇచ్చింది. ప్రభుత్వానికి విషయం తెలిశాక 2025 జనవరిలో 39 కంపెనీలను కొత్త పనులు చేయకుండా ఆపారు. బయటి ఇన్సులేషన్ ఇళ్ళలో 6 శాతం, లోపలివాటిలో 2 శాతం ఇప్పటికిప్పుడు ప్రాణానికో ఆరోగ్యానికో ప్రమాదం ఉన్న స్థితిలో ఉన్నాయి. బయటపడ్డ కరెంటు వైర్లు, బాయిలర్‌కు గాలి అందకుండా మూసేయడం లాంటివి.

బడ్జెట్‌లో చెప్పిన ఒక మాట నాకు మింగుడుపడలేదు. ఫ్యూయల్ పావర్టీలో ఉన్న కుటుంబాల్లో 97 శాతానికి ఈ స్కీము వల్ల వచ్చిన లాభం కంటే కట్టిన భారమే ఎక్కువ అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఏడాదికి కొన్ని లక్షల పనులు చేసి, బిల్లు కట్టే ప్రతి ఇంటి మీదా ఖర్చు వేసే ఏ స్కీము అయినా అలాగే కనబడుతుంది. చీటీ పాట మొదటి నెలలో లెక్క చూస్తే ఒక్కడు తప్ప అందరూ నష్టపోయినట్టే ఉంటారు. ఎకోను ఆపడానికి గట్టి కారణం ఆ 97 కాదు, ఆ 98. పేదవాళ్ళ కరెంటు బిల్లులోంచి వసూలు చేయడం కంటే పన్నుల నుంచి ఖర్చు పెట్టడం న్యాయమని నేనూ అంటాను. పన్ను ఆదాయాన్ని బట్టి ఉంటుంది, గ్యాస్ బిల్లు చలిని బట్టి ఉంటుంది.

దాని స్థానంలో 2026 జనవరిలో వార్మ్ హోమ్స్ ప్లాన్ ప్రకటించారు. మొత్తం 1,500 కోట్ల పౌండ్లు, 2030కి 50 లక్షల ఇళ్ళు. అందులో సుమారు 500 కోట్లు తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు. మిగతాదాంట్లో సోలార్ ప్యానెళ్ళు, బ్యాటరీలు, హీట్ పంపుల కోసం చౌక లోన్లు ఉన్నాయి, అవి ప్రధానంగా మనలాంటి సొంతింటి వాళ్ళకు పనికొస్తాయి. గోడల మీద నుంచి దృష్టి ప్యానెళ్ళు, హీట్ పంపుల మీదకు మళ్ళినట్టు కనిపిస్తోంది. గోడ పని చెడగొట్టాం కాబట్టి కప్పు మీద ప్యానెల్ పెడదాం అంటే నాకు భయంగా ఉంది. 2026 మొదట్లో ఉన్న ధరల్లో కరెంటు యూనిట్ దాదాపు 28 పెన్స్, గ్యాస్ యూనిట్ 6 పెన్స్. హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి ఇస్తే, ఆ వేడి యూనిట్ 9 పెన్స్ పైన పడుతుంది. 90 శాతం సామర్థ్యం ఉన్న గ్యాస్ బాయిలర్‌తో 7 పెన్స్ లోపు. ఏప్రిల్‌లో కరెంటు మీద భారం కొంత తగ్గినా ఈ తేడా పూర్తిగా పూడదు. వేడి నిలవని గోడల మధ్య, సోలార్ లేని ఇంట్లో, పేద కుటుంబానికి హీట్ పంపు ఒక్కటే పెట్టి వదిలేస్తే బిల్లు పెరగవచ్చు. గోడను వదిలి ముందుకు పోవడం కుదరదు, దాన్ని సరిగ్గా చేయాలి.

ఓనర్లుగా ఉన్న మనవాళ్ళతో రెండు మాటలు. ఇప్పటి రూల్ ప్రకారం అద్దె ఇంటికి ఈపీసీ కనీసం 'ఈ' ఉండాలి. 2030కి అది 'సీ' కావాలి. అప్పటిదాకా ఆగి చివరి ఏడాది ఎవడో ఒకణ్ణి పట్టుకుని చేయిస్తే ఇదే కథ మళ్ళీ జరుగుతుంది. ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ళు నడిపే వార్మ్ హోమ్స్ లోకల్ గ్రాంట్ ఒకటి ఉంది. ఈపీసీ 'డీ' నుంచి 'జీ' దాకా ఉన్న ప్రైవేటు ఇళ్ళకు, కుటుంబ ఆదాయం ఏడాదికి 36,000 పౌండ్ల లోపు అయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. చూసేది అందులో ఉండేవాళ్ళ ఆదాయం, మీది కాదు. ఒక ఓనరుకు మొదటి ఇల్లు పూర్తి ఉచితం, ఆపైన ఇళ్ళకు సగం ఖర్చు మీరు పెట్టుకోవాలి. మీ టెనెంట్ కేర్ హోంలో పనిచేస్తుంటే బహుశా ఈ లెక్కలోకి వస్తారు. వీసా మీద పబ్లిక్ ఫండ్స్ వద్దని రాసి ఉన్నవాళ్ళు సంతకం పెట్టకముందే కౌన్సిల్‌కు ఈమెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి. ఫ్రీ అని చూడకుండా సంతకం పెట్టేయకండి. వెంటిలేషన్ ప్లాన్ ఏదీ అని అడగండి. కిటికీ అంచులు ఎలా మూస్తారో, కప్పు చూరు దగ్గర నీరు ఎటు పోతుందో చూపించమనండి. పని జరుగుతున్నప్పుడు ఒక్కరోజైనా వెళ్ళి ఫోటోలు తీయండి. బోర్డు మూసేశాక లోపల ఏముందో ఎవరికీ కనబడదు.

ఇప్పటికే ఎకో కింద పని జరిగిన ఇంట్లో ఉంటున్నవాళ్ళు, మీకు తనిఖీకి ఉత్తరం వస్తే చెత్తబుట్టలో వేయకండి. లోపాలను ఇంట్లోవాళ్ళకు ఖర్చు లేకుండా సరిచేయించాలన్నది ప్రభుత్వం మాట. గోడ ఇన్సులేషన్‌కు 25 ఏళ్ళ గ్యారంటీ కాగితం ఉండాలి. మీ దగ్గర లేకపోతే ఓనరును అడగండి. సరిచేస్తామని తలుపు కొట్టి అడ్వాన్సు అడిగేవాళ్ళకు పైసా ఇవ్వకండి. పైన చెప్పిన కుటుంబం చేత కొన్ని పనులు చేయించాను: ఐదు రోజులు పొద్దున, రాత్రి తేమ, గది వేడి రాసిపెట్టడం, బూజు ఫోటోలు తేదీతో తీయడం, ఓనరుకు ఫోన్ కాకుండా ఈమెయిల్ పెట్టడం. ఓనరు మొదట "ఇదేంటమ్మా, మనలో మనం" అన్నారట. మీటరు రీడింగులు చూశాక వచ్చి కిటికీ అంచు తానే ముట్టుకుని చూశారు. బాత్రూములో తేమను బట్టి తనంతట తిరిగే ఫ్యాను సొంత డబ్బుతో పెట్టించారు. గదిలో తేమ 58కి దిగింది. అంచులకు బోర్డు వేయించే పని ఇంకా ఇన్‌స్టాలర్‌తో నడుస్తోంది.

ఇల్లు ఖాళీ చేయమంటారేమోనన్న భయంతో నోరు మెదపని టెనెంట్లు మనలో చాలామంది. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసు ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి రద్దు. అవాబ్ పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్ళకు అమల్లో ఉంది, చెమ్మ, బూజు ఫిర్యాదులకు అక్కడ గడువులు పెట్టారు. ప్రైవేటు అద్దె ఇళ్ళకు దాన్ని విస్తరించే అధికారం కొత్త రెంటర్స్ రైట్స్ చట్టంలో ఉంది, తేదీ ఇంకా రావాలి. అందాకా ప్రైవేటు ఇళ్ళలో ఉన్నవాళ్ళకు దారి కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగమే. వాళ్ళు వచ్చి ఇల్లు చూస్తారు, ఓనరుకు నోటీసు ఇవ్వగలరు. ఫిర్యాదుతోపాటు తేదీలున్న ఫోటోలు, రీడింగులు పంపండి.